కొత్త రోడ్డు, కొత్త బండి, పాత నిర్లక్ష్యం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం సుక్మా జిల్లాలో, జగదల్‌పూర్ నుండి కొంటా మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నెంబరు జాతీయ రహదారిపై దోర్నపాల్ అనే చిన్న పట్టణం ఉన్నది. తెలుగు, దోర్ల, గోండి, హిందీ ఒకే సంతలో వినిపించే చోటు అది. అక్కడి నుండి అడవిలోకి చీలి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్నార్ మీదుగా జగర్‌గుండ చేరే 56 కిలోమీటర్ల రోడ్డు దేశమంతటికీ తెలుసు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద, ఈ రోడ్డు పనికి కాపలా కాస్తున్న 25 మంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు మావోయిస్టుల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. అంతటి మూల్యం చెల్లించి, తుపాకుల నీడలో కూలీలు చెమటోడ్చి వేసిన రోడ్డు ఇది.

రోడ్డు వచ్చింది. దాని వెంట మోటారు సైకిలు వచ్చింది. దీనిని మేము మనసారా స్వాగతిస్తున్నాము. తెలుగు జిల్లాలలో మిరప కోతకు వలసపోయి తెచ్చుకున్న కూలి డబ్బుతోనో, తునికాకు డబ్బుతోనో, వాయిదాల మీదనో బండి కొనే యువకుడు విలాసం కొనడం లేదు. పనికి పోవడానికి, ధాన్యపు బస్తా తరలించడానికి, రోగిని ఆసుపత్రికి చేర్చడానికి అదే ఆధారం. అది అతని పనిముట్టు. సింగరేణి బొగ్గు గనిలోనైనా, బైలదిల్లా ఇనుప గనిలోనైనా తలకు టోపీ లేని కార్మికుని పనిలోకి దింపరాదన్న నియమం ఉన్నది. మరి అదే కార్మికుడు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో, బోడి తలతో పనికి పోతూ ఉంటే, అది అతని సొంత వ్యవహారమని ఎట్లా చేతులు దులుపుకుంటాము?

ఈ ప్రశ్న చిన్నది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై పోయినవారు. హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది. ఇందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. ఏ గనిలోనైనా, ఏ మిల్లులోనైనా ఇందులో నూరవ వంతు మంది చనిపోతే దేశం అట్టుడికిపోదా?

ప్రమాదం జరిగిన ప్రతిసారీ అధికారులు, పత్రికలు ఒకే పాట పాడుతున్నారు: "కుర్రవాళ్ళ దూకుడే కారణం." దూకుడు లేదని మేము అనడం లేదు. కాని ఆ ఒక్క మాటతో దస్త్రం మూసివేయడాన్ని తీవ్రంగా ఖండిస్తున్నాము. బండి అమ్మినవానికి బాధ్యత లేదా? మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను నడిపేవానికీ, వెనుక కూర్చున్నవానికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. ఈ సంగతి అందరికీ చెబుతారు. కాని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలోని 138వ నిబంధన ప్రకారం, ద్విచక్ర వాహనం కొన్నప్పుడే భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన హెల్మెట్‌ను తయారీదారు సరఫరా చేయాలన్న సంగతి కొనేవానికి ఎందరు చెబుతున్నారు? జరిమానా చట్టం కూలివాని నెత్తిన ఉన్నది. సరఫరా నిబంధన కాగితం మీద ఉన్నది. ఇదెక్కడి న్యాయం?

కనుక కొత్తగా బండి కొనే ప్రతి సోదరునికి మా మొదటి సలహా: బండితో పాటు హెల్మెట్ అడిగి తీసుకొనండి. ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. 2021 జూన్ 1 నుండి ఆ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం. గడ్డం క్రింద పట్టీ బిగించనిదే అది హెల్మెట్ కాదు, నెత్తిన పెట్టుకున్న కుండ. సరిగా ధరించిన హెల్మెట్ మరణావకాశాన్ని సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశాన్ని 69 శాతం తగ్గిస్తుందని అంతర్జాతీయ పరిశోధనలు తేల్చాయి.

రెండవది, నేర్పు. నున్నటి తారు రోడ్డు వేగాన్ని నేర్పుతుంది కాని ఆగడం నేర్పదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. పశువు అడ్డం వచ్చినట్లు కన్ను గుర్తించి, చేయి బ్రేకును అందుకొనే లోపలే ఆ దూరం దాటిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. వెనుక బ్రేకు ఒక్కటే నమ్ముకొనవద్దు. పొడి తారు మీద బండిని ఆపే బలంలో అధిక భాగం ముందు చక్రానిదే. రెండు బ్రేకులనూ కలిపి, క్రమంగా బిగించాలి. తారు ముగిసి మొరం, ఇసుక మొదలయ్యే చోట మాత్రం ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. అక్కడికి రాకముందే వేగం తగ్గించుకోవాలి. మలుపుకూ ఇదే సూత్రం.

వెనుక బరువైన బస్తా కడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ మాట వినదు. బస్తా కట్టిన బండి మీద మనిషిని ఎక్కించవద్దు. ముగ్గురు ఎక్కడం ఎన్నడూ వద్దు. లారీ లేపిన ఎర్రదుమ్ములో దానిని దాటిపోవద్దు. దుమ్ము అణిగేదాకా ఆగితే పోయేది రెండు నిమిషాలే. తొలకరి చినుకు పడగానే రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జారుడు బల్ల అవుతుంది. రాత్రివేళ దీపం లేకుండా నిలిపిన లారీ గోడతో సమానం. ఇక సంత రోజు ఇప్పసారా, జీలుగు కల్లు సంగతి. పండుగకు తాగడం ఆచారం కావచ్చు. తాగి బండి ఎక్కడం ఏ పూర్వికులూ చెప్పిన ఆచారం కాదు, ఎందుకంటే వారికి బండి లేదు. ఆ పూట బండిని బంధువుల ఇంట వదలి నడిచి పొండి.

ఇంత జాగ్రత్త చేసినా ప్రమాదం జరిగితే? చట్టమే గాయపడిన తరువాతి మొదటి గంటను ప్రాణం నిలిపే గంటగా గుర్తించింది. దోర్నపాల్ నుండి జగదల్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రి గాని, భద్రాచలం గాని వంద కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నవి. ఆ గంట దారిలోనే గడిచిపోతుంది. 2025 మే 5న కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేర నగదు రహిత చికిత్సా పథకం ప్రకటించింది. మంచిదే. కాని చేరదగిన దూరంలో తలగాయాలకు చికిత్స చేయగల ఆసుపత్రి లేనిచోట ఆ లక్షన్నర ఎవరికి అందుతుంది? జవాన్ల కోసం హెలికాప్టరు దిగిన నేల మీద కూలివాని కోసం సమయానికి అంబులెన్సు రాకూడదా?

"ఇది యూనియన్ పని కాదు" అనే మిత్రులు కొందరున్నారు. వారికి మా సమాధానం సుప్రీంకోర్టు మాటలోనే ఉన్నది. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కాపలాదారుడు 2003లో మోటారు సైకిలుపై డ్యూటీకి పోతూ దారిలో మరణించాడు. ఆ పరిహారం కేసులో 2025 జూలై 29న న్యాయస్థానం తీర్పు చెబుతూ, ప్రమాదపు సమయానికి, స్థలానికి, పరిస్థితులకు ఉద్యోగంతో సంబంధం రుజువైతే, ఇంటి నుండి పనికి, పని నుండి ఇంటికి జరిగే ప్రయాణం కూడా ఉద్యోగంలో భాగమేనని స్పష్టం చేసింది. ఆ కుటుంబం ఇరవై రెండేళ్ళు ఎదురుచూడవలసి వచ్చిందంటే, వెనుక సంఘబలం ఎంత అవసరమో వేరే చెప్పాలా? కనుక పనికి పోతూ పడిన కార్మికుని కుటుంబం విధిని నిందిస్తూ కూర్చోరాదు. పోలీసు రిపోర్టు, హాజరు పట్టీ, డ్యూటీ వేళల రుజువు వెంటనే భద్రపరచి యూనియన్ కార్యాలయానికి రావాలి.

మా కోర్కెలు స్పష్టమైనవి. బండితో హెల్మెట్ ఇవ్వని అమ్మకాలపై రవాణా శాఖ చర్య తీసుకోవాలి. లైసెన్సు పరీక్ష కోసం కూలి పోగొట్టుకొని జిల్లా కేంద్రానికి తిరిగే అవస్థ లేకుండా, నెలకొకసారి సంత రోజున దోర్నపాల్‌లోనే, గోండి, దోర్ల, తెలుగు భాషలలో శిక్షణతో కూడిన శిబిరం జరపాలి. కాంట్రాక్టర్లు తమ పనికి బండి మీద వచ్చే కూలీలకు హెల్మెట్లు ఇవ్వాలి. జాతీయ రహదారిపై తలగాయాలకు చికిత్స చేయగల కేంద్రం నెలకొల్పాలి.

కోర్కెలు నెరవేరే వరకు మన పని ఆగదు. ప్రతి యూనియన్ శాఖ ఈ నెలలోనే ఒక ఆదివారం కొత్తగా బండి కొన్నవారిని పిలిచి, మైదానంలో బ్రేకు వేయడం నేర్పాలని విజ్ఞప్తి చేస్తున్నాము. మందుపాతరలను తప్పించుకొని బ్రతికిన ప్రాంతపు బిడ్డలు ఒక టోపీ లేక మరణించరాదు. పట్టీ బిగించండి, సంఘటితం కండి!