చిన్న చందా, పెద్ద శిలాఫలకము

మన యూళ్లలో దానమునకు నేడు రెండు రూపములు మిగిలినవి: ఒకటి శిలాఫలకము, రెండవది ఛాయాచిత్రము. గుడిలోని పంకా రెక్కపై దాత పేరును, ఆయన తండ్రి పేరును, ఊరి పేరును వ్రాయింతురు. పంకా తిరుగునప్పుడు ఆ పేర్లు చదువ నెవరి తరమును గాదు. ఆగినప్పుడు గాలి రాదు. పుట్టినరోజు వచ్చెనేని అనాథాశ్రమమునకు బోయి, పిల్లలను వరుసగా నిలిపి, తలకొక అరటిపండును మిఠాయిపొట్లమును ఇచ్చి, ఫొటో తీయించుకొని మరలుదురు. ఆ నెలలో ఆ పిల్ల లెన్ని పుట్టినరోజుల పాటలు పాడవలసివచ్చెనో యెవరును అడుగరు. ఇట్టి దానమును నేను పాపమనను. కాని యిదియే దానమనియు, నెలకు నూఱు రూపాయలిచ్చువానిది లెక్కకు రాదనియు మనలో బలపడిన భావము పిల్లలకు హాని చేయుచున్నదని నా వాదము.

భట్టిప్రోలు వారికి ఈ విషయమున ఇతరుల బోధ అక్కఱలేదు. 1892లో అలెగ్జాండర్ రీ దొర యిచ్చటి స్తూపమును త్రవ్వించినపుడు బ్రాహ్మీలిపి శాసనములు గల రాతి కరండములు మూడు బయల్పడినవి. వానిలో కుబిరకుడను రాజు పేరు గలదు. అయినను ఎక్కువ చోటు రాజునకు దక్కలేదు. గోష్ఠివారు, నిగమమువారు, పేరు వెంట పేరు. ఒక కరండమును, స్ఫటికపు భరిణెను ఇచ్చినది యొక కుటుంబము: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు. ఆ తలిదండ్రుల సొంత పేర్లందు లేవు. బిడ్డ పేరుతోనే తమ్ము చెప్పుకొనిరి. మఱియొక విశేషము. ఈ పేర్లన్నియు స్తూపగర్భమున పూడ్చబడిన రాతిమీదివి. దారిన బోవువా డెవడును వానిని చదువజాలడు. పైనున్న పాలరాయి 19వ శతాబ్దమున కాలువ పనుల పాలయ్యెను. లోపల పూడ్చిన పేర్లు రెండువేల యేండ్లకు మించి నిలిచినవి. పదిమంది కూడి, తలకొంత వేసి, పేరు కనబడకున్నను ఇచ్చిన జనుల ఊరిది. ఇచ్చట పంకా రెక్క యెందులకు?

ఇక బిడ్డల సంగతి. అనాథాశ్రమమనగా తల్లియు తండ్రియు లేని పిల్ల లుండు చోటని మన తలంపు. అది చాలవఱకు పొరపాటు. అట్టి నిలయములలోని వారిలో పెక్కుమందికి తల్లియో తండ్రియో జీవించియే యున్నారు. వారిని ఇల్లు దాటించినది మృత్యువు కాదు, దారిద్ర్యము. ఆ క్రమమును బడిలో పనిచేయు మేమందఱము ఎఱుగుదుము. కౌలురైతునకో, చీరాల, వేటపాలెముల వైపు మగ్గము నేయువానికో జబ్బు చేయును. మొదట కమ్మలు తాకట్టునకు బోవును. పిమ్మట నూటికి మూడు రూపాయల వడ్డీ, అటుపైన ఐదు. తల్లి మిరపకోతలకు బోవును. చంటిదానిని చూచుటకు పెద్దపిల్ల బడి మానును. కొన్నాళ్లకు దానికి సంబంధము కుదిరినదందురు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనట్లు తేలినది. మగపిల్లవా డయ్యెనా, ఆశ్రమమునకు. అప్పుడు మనము అరటిపండ్లతో బయలుదేఱుదుము!

కమ్మలు తాకట్టునకు బోవు దినమున ఆ యింటికి కావలసినది మందులకును, బియ్యమునకును, పుస్తకములకును కొంత పైకము. అదియు వరుసగా కొన్ని నెలలు. బిడ్డను సంస్థలో నుంచుట కట్టకడపటి యుపాయముగా నుండవలెనని 2015 నాటి బాలన్యాయ చట్టమే చెప్పుచున్నది. బిడ్డను తన యింటనే యుంచి పోషించుటకు మిషన్ వాత్సల్య పథకము నెలకు 4000 రూపాయలు నిర్ణయించినది. నలువది గృహములు నెలకు నూఱేసి వేసినచో సరిగా నంతయే యగును.

"ప్రభుత్వ మిచ్చుచుండగా మన మేల?" అని కొందఱు. దరఖాస్తు వ్రాయవలెను, ఆదాయపత్రము తేవలెను, విచారణ జరుగవలెను, మంజూరు కావలెను. ఆకలి యంతవఱకు నాగదు. ఆ నడిమి నెలలను దాటించుటయు, ఆ కాగితములను పూర్తిచేయించుటయు చందాల పని. "తండ్రి త్రాగివేయును" అని మఱికొందఱు. అట్లయిన తల్లి ఖాతాకు పంపుడు, దుకాణదారునికే బియ్యపు వెల చెల్లింపుడు. త్రాగువారున్నారని మన యుద్యోగులలో నెవరి జీతమును ఆపుట లేదు గదా! ఇక "మాది ఉడుతాభక్తి" యని వినయము పలుకువారు. ఈ మాటయే నాకు కిట్టదు. ఎప్పుడు వచ్చునో తెలియని లక్షను నమ్మి యే సంస్థయు ఒక తల్లికి మాట యీయజాలదు. నెలనెలా తప్పక వచ్చు నూఱును నమ్మి యీయగలదు. చిన్నమొత్తపు బలము దాని క్రమమున నున్నది. సభలలో మహాభారతమునందలి ముంగిసకథ చెప్పి, పేలపిండి దానము చేసిన కుటుంబమును పొగడుటయు నాకు సమ్మతము కాదు. వారు తాము పస్తుండి యిచ్చిరి. మన మెవరిని పస్తుండుమని యడుగుట లేదు.

ఈ పద్ధతి మనకు క్రొత్తది కాదు. వారాలు చేసికొని చదివిన పిల్లలను మన తాతల తరము ఎఱుగును: ఒక్కొక్క యిల్లు వారమున కొకదినము అన్నము పెట్టెడిది, ఏడిండ్లు కలిసి యొకని చదువు నిలిపెడివి. దాని దోషము కులము. గడప యెక్కనర్హత లేదన్న బాలునికి ఏ వారమును లేకపోయెను. ఆ దోషము లేని రూపమును చూడగోరువారు అనంతపురము పోయి చూడవచ్చును. అచ్చట 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పనికి స్పెయిన్ దేశపు సామాన్యగృహస్థులు నెలకు కొంతగా పంపిన చందాలు ఆధారమైనవి. ఒక్కొక్క గృహస్థు ఒక్కొక్క బిడ్డ పేర నిచ్చును. ఆ ద్రవ్యము బిడ్డ చేతికి నాణెములుగా బోక, ఊరి బడిగా, ఇల్లుగా, ఆసుపత్రిగా మాఱెను. మన కఱవుసీమ బిడ్డలకు, మన పేర్లు పలుకనైన రాని కాపురములు ఏండ్ల తరబడి యిచ్చిరి. కృష్ణా కాలువ నీరు త్రాగు మనము పెండ్లిపందిళ్ల పూలకు పెట్టు వెలను జ్ఞప్తికి దెచ్చుకొని ఈ వాక్యమును మఱల చదువుడు.

చందా వేయువారికి కొన్ని హక్కులున్నవి: లెక్క చూపుమనుట, ఆఱునెలల కొకసారి బిడ్డ బడికి బోవుచున్నదో లేదో తెలియగోరుట. బిడ్డ ఫొటోను గోరుట మాత్రము ఆ హక్కులలో చేరదు. ఆ బిడ్డ రేపు మన పిల్లల ప్రక్క బల్లపై గూర్చుండవలెను. ఫలానావారి దయమీద చదువుచున్నదని తరగతిలో నెవరికిని తెలియరాదు.

లెక్కపుస్తక మెవరి చేత నుండవలెనను ప్రశ్న మిగిలినది. పొదుపు సంఘముల స్త్రీలు కొద్దికొద్దిగా కూర్చి, పద్దు వ్రాసి, అప్పిచ్చి, మరల రాబట్టుచు ముప్పదేండ్లకు పైబడినది. ఇంతకంటె అనుభవము గల కోశాధికారులు మన గ్రామములలో వేఱెవరున్నారు? భట్టిప్రోలులో నలువది గృహములు సిద్ధమైనచో, మొదటి నెల చందాను వారికే యప్పగింపవచ్చును.