కొండదారిలో వెనక్కి తగ్గినవాడే మొనగాడు



వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన సంఘం కుటుంబాల్లో ప్రయాణాల ముచ్చట్లు మొదలవుతాయి. ఒకప్పుడు రైలు టిక్కెట్టు దొరికిందా లేదా అన్నదే ప్రశ్న. ఇప్పుడు చాలా ఇళ్ళకు కారు వచ్చింది. కోయంబత్తూరు వారు ఊటీకి, బెంగళూరు వారు ఆగుంబెకు, పూనా వారు మహాబలేశ్వరానికి, బరంపురం వారు కోరాపుట్‌కు. ఎటు చూసినా కొండదారులే. యానాం పాఠకులకు మాత్రం ఊళ్ళో ఎత్తైన చోటంటే గోదావరి గట్టే! అయినా వారు కూడా తిరుమల కొండ ఎక్కక మానరు. అందుకని ఈసారి ఈ శీర్షికలో ప్రపంచంలోని భయంకరమైన రోడ్ల గురించి, వాటి మీద బండి నడిపేవారి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ముప్ఫై ఏళ్ళు బస్సులూ లారీలూ బాగుచేసే షెడ్డులో గడిపినవాణ్ణి గనుక నా చూపు ఎప్పుడూ చక్రం మీదా బ్రేకు మీదా ఉంటుంది. విసుక్కోకుండా చదవండి.

బొలీవియా చావుబాట

దక్షిణ అమెరికాలో బొలీవియా అని ఒక కొండల దేశం ఉంది. అక్కడి లా పాజ్ నగరం నుంచి కొరోయికో అనే ఊరికి ఒక పాత రోడ్డు పోతుంది. పొడవు 64 కిలోమీటర్లు. మన లెక్కలో గంటన్నర ప్రయాణం. కాని ఆ రోడ్డుకు అక్కడివారు పెట్టుకున్న పేరు చావుబాట. ముందు సుమారు 4,650 మీటర్ల ఎత్తున్న కనుమ ఎక్కాలి. అక్కడ మంచు, చలి, ఊపిరాడని గాలి. అక్కణ్ణించి సుమారు 1,200 మీటర్ల ఎత్తు దాకా దిగుతూ పోతే కాఫీ, కోకా, పండ్లతోటలు పండే వేడి అడవి. ఒక్క పూటలో శీతాకాలం నుంచి వేసవిలోకి దిగినట్టే.

ఈ రోడ్డును 1930ల్లో తొలిచారు. 1932 నుంచి 1935 దాకా బొలీవియాకు, పొరుగున ఉన్న పరాగ్వేకు చాకో ప్రాంతం కోసం యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో పట్టుబడ్డ పరాగ్వే ఖైదీల చేత కొండను చెక్కించారు. దారి వెడల్పు చాలాచోట్ల మూడు మీటర్లు మాత్రమే. ఒక పక్క కొండగోడ, మరో పక్క వందల మీటర్ల లోయ. అంచున కమ్మీ లేదు, పిట్టగోడ లేదు. పైనుంచి జలపాతాలు నేరుగా రోడ్డు మీదే పడతాయి. పొగమంచు కమ్మితే ముందున్న బండి కనిపించదు. వర్షాకాలంలో దారే జారిపోతుంది. 1983 జూలై 24న ఒక బస్సు లోయలో పడి వందమందికి పైగా చనిపోయారు. ఏడాదికి రెండు మూడు వందల మంది ఆ దారిలో ప్రాణాలు పోగొట్టుకునేవారని ఒక అంచనా. 1995లో అంతర్ అమెరికా అభివృద్ధి బ్యాంకు దీన్ని ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన రోడ్డుగా పేర్కొంది.

2006లో వేరే కొత్త రోడ్డు తయారయ్యాక బస్సులూ లారీలూ అటు మళ్ళాయి. ఇప్పుడు పాత దారికి సాహసయాత్రికులు సైకిళ్ళ మీద దిగడానికి వస్తున్నారు. వారిలోనూ కొందరు తిరిగి వెళ్ళలేదు.

ఎడమ పక్క రహస్యం

ఇంతవరకు భయం కథ. నాకు నచ్చిన సంగతి ఇకముందుంది.

బొలీవియాలో బళ్ళన్నీ రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. కాని ఈ ఒక్క రోడ్డు మీద మాత్రం అందరూ ఎడమ పక్కన నడవాలని నియమం పెట్టారు. ఎందుకో ఆలోచించండి. దిగే బండికి ఎడమ పక్కనే లోయ. డ్రైవరు కూర్చునేదీ ఎడమ పక్కనే. కిటికీలోంచి తల బయటికి పెడితే తన చక్రం అంచుకు ఎంత దూరంలో ఉందో కళ్ళారా చూసుకోవచ్చు. ఎక్కే బండి కొండగోడను ఆనుకుని పోతుంది. రెండు బళ్ళు ఎదురుపడితే ఎక్కేవాడిదే హక్కు. దిగేవాడే ఆగి, అవసరమైతే వెనక్కి నడిపి, కాస్త వెడల్పున్న చోట అంచుకు జరిగి దారి ఇవ్వాలి.

ఇందులో ఎంత ఇంగితం ఉందో చూడండి. ప్రమాదానికి దగ్గరగా ఉన్నవాడికే ప్రమాదం బాగా కనబడాలి. బరువుతో ఎక్కుతున్న బండి మధ్యలో ఆగితే మళ్ళీ కదలడం కష్టం కనుక, సులువుగా ఆగగలిగినవాడే ఆగాలి. మన దేశపు రోడ్డు నియమాల్లోనూ ఈ రెండో మాట ఉంది. ఇరుకైన కొండరోడ్డు మీద దిగేవాడు ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. లైసెన్సు ఉన్న మనవాళ్ళలో ఎందరికి ఇది తెలుసో మీరే మీ ఇంట్లో అడిగి చూడండి.

మన బళ్ళలో స్టీరింగు కుడి పక్కన, నడక ఎడమ పక్కన. కాబట్టి ఎడమ అంచు డ్రైవరుకు దూరం. అందుకే పాతకాలపు లారీల్లో క్లీనరు ఎడమ తలుపు దగ్గర నిలబడి, రేకు మీద చేత్తో చరుస్తూ "రానీ, రానీ" అని కేకలు పెట్టేవాడు. పదహారేళ్ళ ఆ కుర్రవాడే డ్రైవరుకు ఎడమ కన్ను. కారులో ఆ పని పక్కసీటులో కూర్చున్నవారిది. వారు ఫోను చూసుకుంటూ కూర్చుంటే బండికి ఒక కన్ను లేనట్టే.

జోజిలాలో మనవాళ్ళ చెయ్యి

బొలీవియా దూరం. మన దేశంలోనే కాశ్మీరు నుంచి లడాఖ్ వెళ్ళేదారిలో జోజిలా కనుమ ఉంది. ఎత్తు సుమారు 11,500 అడుగులు. మంచు చరియలు, బురద, ఇరుకు మలుపులు. 1948లో పాకిస్తాను వైపు నుంచి వచ్చిన సేనలు ఈ కనుమను పట్టుకుని లేహ్‌కు దారి మూసేశాయి. అప్పుడు కొడగు బిడ్డ మేజర్ జనరల్ తిమ్మయ్య, అంత ఎత్తుకు టాంకులు ఎక్కిస్తే శత్రువు కలలో కూడా ఊహించడని ఎత్తు వేశాడు. కాని అక్కడున్నది కంచరగాడిదలు నడిచే బాట. దాన్ని బళ్ళు పోయే దారిగా మలిచింది ఎవరో తెలుసా? మద్రాస్ సాపర్స్. బెంగళూరు అలసూరు చెరువు పక్కన కేంద్రం ఉన్న ఆ దళమే. తమిళులూ, కన్నడిగులూ, మలయాళీలతో పాటు మన తెలుగువాళ్ళూ తరతరాలుగా చేరుతున్న దళం. 1948 నవంబరు 1న మంచులో టాంకులు కనుమ దాటాయి. దారి తెరుచుకుంది.

జోజిలా మీదుగా లడాఖ్ చూసి వచ్చినవారు మలుపుల ఫోటోలు తీసి చూపిస్తారు. మంచిదే. ఆ దారికి మొదట గునపం వేసినవారిని కూడా ఒకసారి తలుచుకుంటే ఇంకా మంచిది.

దిగడంలోనే ఉంది కిటుకు

మా మేనల్లుడు కొత్త కారు కొన్నాడు. మా సత్యమంగళం వైపు బన్నారి దాటితే దింబం ఘాట్ ఉంది. 27 హెయిర్‌పిన్ మలుపులు. "మామా, పైకి ఎక్కేశానంటే సగం గండం గడిచినట్టే కదా!" అన్నాడు. "ఎక్కేటప్పుడు గండమే లేదురా, ఇంజను కష్టపడుతుంది, అంతే. దిగేటప్పుడే నీకు పరీక్ష" అన్నాను.

వివరం చెబుతాను. బండి దిగుతున్నప్పుడు బ్రేకు తొక్కితే ఆ వేగమంతా వేడిగా మారుతుంది. అదేపనిగా తొక్కుతూ పోతే డ్రమ్ములు, డిస్కులు కాగిపోతాయి. లైనింగు పట్టు వదులుతుంది. కార్లలో బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడలు మెత్తగా లోపలికి దిగిపోతుంది, బండి ఆగదు. దీనికి మందు ఒకటే. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు అవసరమైనప్పుడే పడుతుంది.

ఒకసారి మా షెడ్డుకు ఒక లారీని తాడు కట్టి లాక్కొచ్చారు. ముందు భాగం నుజ్జయింది. దగ్గరికి వెళితే మాడిన లైనింగు కంపు. బ్రేకు పట్టకపోతే డ్రైవరు ధైర్యం చేసి బండిని కొండగోడకు రాసి ఆపాడు. అతనూ క్లీనరూ బతికి బయటపడ్డారు. టీ తాగించి ఏమైందని అడిగాను. "డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ వేసి దిగాను మేస్త్రీ" అన్నాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఆ మిగిలే డీజిలు ఎంత? ఒక పూట టిఫిను ఖర్చు ఉంటుందేమో. ఇంకో మాట. ఈనాటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే ఇంజనుకు ఇంధనం దానంతటదే ఆగుతుంది. న్యూట్రల్ వేస్తేనే ఇంజను తిరగడానికి కాస్త కాలుతుంది. అంటే పొదుపు కూడా ఉత్తమాటే!

తిరుమల చూడండి. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురుబండి అన్న మాటే లేకుండా చేశారు. బొలీవియావారు డ్రైవర్ల ఓర్పు మీద వదిలిపెట్టిన సమస్యను ఇక్కడ రెండు రోడ్లతో తీర్చారు. అయినా వేగం మాత్రం మన కాలి కిందే ఉంది.

అసలు చావుబాట ఏది?

ఇదంతా చదివి కొండదారులంటే భయపడి, మైదానంలో నిశ్చింతగా పోవచ్చు అనుకుంటారేమో. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు జరిగింది తిన్నని రోడ్ల మీద! తిన్నని రోడ్లే ఎక్కువ గనుక ప్రమాదాలూ ఎక్కువే అనవచ్చు. నిజమే. కాని చనిపోయినవారిలో నూటికి డెబ్భై మంది అతివేగం పద్దు కింద ఉన్నారన్నది కూడా అదే లెక్క. సీటుబెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. వారిలో దాదాపు సగం మంది డ్రైవర్లు కారు, పక్కనా వెనకా కూర్చున్నవారు. మన ఇళ్ళల్లో వెనక సీటులో ఎవరు కూర్చుంటారు? అమ్మమ్మ, తాతయ్య, ఒళ్ళో పసిపిల్ల.

లోయ కనిపిస్తే ఎంత దూకుడువాడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. నాలుగు లైన్ల నున్నని రోడ్డు మీద లోయ కనిపించదు, అంతే తేడా. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఆ సామెత స్టీరింగు పట్టినవాడికి పనికిరాదు. వాడికి తొందరే విషం.

కాబట్టి సెలవుల్లో బయలుదేరే ముందు బ్రేకులూ టైర్లూ చూపించుకోండి. రాత్రి నిద్ర చాలనివారికి తాళంచెవి ఇవ్వకండి. వెనక సీటువారికి కూడా బెల్టు పెట్టండి. ఎదురుబండికి దారి ఇచ్చి, చెయ్యి ఊపి, నవ్వుతూ వెళ్ళండి. పిల్లలు వెనకనుంచి చూస్తుంటారు. రేపు వాళ్ళు స్టీరింగు పట్టినప్పుడు గుర్తొచ్చేది లైసెన్సు పుస్తకం కాదు, ఆ పూట మీరు ఆగిన తీరు.

మీరు నడిపిన కొండదారుల అనుభవాలు సంపాదకులకు రాసి పంపండి. వచ్చే సంచికలో కలుద్దాం. సెలవు.