చుక్కల గొంతులు

2024 డిసెంబరులో ‘ముఫాసా’ తెలుగులో విడుదలైనప్పుడు సందడంతా మహేశ్ బాబు గొంతు గురించే. ఐదేళ్ల ముందు, 2019 ‘లయన్ కింగ్’లో అదే ముఫాసాకి తెలుగు గొంతు పి. రవిశంకర్. అప్పుడు పెద్ద సింహం, ఇప్పుడు కుర్ర సింహం. గొంతు మారడంలో తప్పేం లేదు, ఇంగ్లీషులోనూ మారింది. నా గొడవ వేరే. ఒక బొమ్మకి తెలుగులో ఎవరు మాట చెప్పారన్నది, చెప్పినవాడు హీరో అయితేనే మనకి వార్త. ఇది వట్టి మర్యాద లోపం అనుకుంటున్నాం. కాదు, ఇది ఆస్తి తగాదా.

రవిశంకర్ సంగతే చూడండి. తండ్రి పి.జె. శర్మ నటుడు, డబ్బింగ్ కళాకారుడు. అన్న సాయికుమార్ గొంతు లేకుండా ఒకప్పటి సుమన్‌నీ రాజశేఖర్‌నీ ఊహించుకోలేం. 2009లో ‘అరుంధతి’లో పశుపతి కేకకి జనం జడుసుకున్నారు. ఆ సినిమాకి నంది అవార్డుల్లో ఉత్తమ విలన్ సోనూ సూద్, ఉత్తమ డబ్బింగ్ కళాకారుడు రవిశంకర్. పశుపతి అనే ఒక్క మనిషిలో ఇద్దరి కష్టం ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. జాతీయ అవార్డుల్లో ఆ మాత్రం కూడా లేదు, డబ్బింగ్‌కి అసలు విభాగమే లేదు. ఇంతా చేసి ఆయన మొహాన్ని నిలబెట్టింది తెలుగు సినిమా కాదు, 2011 నాటి కన్నడ ‘కెంపేగౌడ’.

ఈయన అదృష్టవంతుడు. పేరైనా ఉంది.

మామూలు సినిమాలో డబ్బింగ్ కళాకారులు నటనని ఇంకొకరితో పంచుకుంటారు. కనుబొమ్మ ఆయనది, కేక ఈయనది. యానిమేషన్‌లో పంచుకోవడానికి అవతల మనిషి మొహం లేదు. కదలిక యానిమేటర్లది. ఊపిరి, వెటకారం, ఏడుపు మొత్తం గొంతుదే. పైగా తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరుచుకునే ఉంటుంది. ఇంగ్లీషు మాట తరచూ హల్లు దగ్గర మూసుకుంటుంది. ప, బ, మ దగ్గర పెదాలు కలవాలి, క్రియ చివరికి చేరాలి, నవ్వు పుట్టాలి, ఇదంతా బొమ్మ నోరు మూసేలోగా జరగాలి. 1950లో ‘ఆహుతి’ని తెలుగు చేయడానికి శ్రీశ్రీ కూర్చున్నది ఇలాంటి లెక్కల ముందే. మహాకవి చేసిన పనే అయినా దాన్ని సాహిత్యం పక్కన కూర్చోబెట్టడానికి మనకింకా మొహమాటం.

ఇక టీవీ కార్టూన్లు. హిందీలో డోరేమాన్‌కి, ఛోటా భీమ్‌కి గొంతిచ్చిన సోనల్ కౌశల్ పేరు చాలామందికి తెలుసు. ఆమె వీడియోలు మనమూ చూస్తాం. మరి మన పిల్లలు రోజూ అన్నం తింటూ వినే తెలుగు డోరేమాన్ ఎవరు? హైదరాబాదులో రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ సంస్థలో పుట్టి, 2008లో పోగోకి ఎక్కిన భీమ్ కూడా తెలుగు పిల్లల దగ్గరికి డబ్బింగ్ అయ్యే వస్తాడు. ఊరు మనది, బొమ్మ మనది, గొంతు మాత్రం అనామకం.

‘స్టార్లు లేకపోతే తెలుగు వెర్షన్‌కి టికెట్లు తెగవు’ అంటారు. నిజమే కావచ్చు. బ్రహ్మానందం పుంబా, అలీ టిమోన్ బాగా పండాయి కూడా, ఎందుకంటే ఇద్దరూ గొంతుతో నవ్వించడం తెలిసినవాళ్లు. పోస్టర్ మీద వాళ్లనే వేసుకోండి. మిగతావాళ్ల పేర్లు చివర్లోనైనా ఎందుకు కనపడవు అన్నదే ప్రశ్న. ఓటీటీలో డబ్బింగ్ కార్డు వేసినా, అది వచ్చేలోగా తర్వాతి ఎపిసోడ్ మొదలైపోతుంది. నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మా గిట్‌లో ఒక కామా మారినా మార్చినవాళ్ల పేరు నమోదవుతుంది. వందల భాషల ఆడియోని దాచగలిగిన డేటాబేస్‌లో గొంతు పేరుకి ఒక కాలమ్ పెట్టడం సాంకేతిక సమస్య అంటే నేను నమ్మను.

ఆస్తి తగాదా అని ఎందుకన్నానో చెప్తా. మా గూడూరులో జరిగిన ఒక పాటల పోటీలో బాలసుబ్రహ్మణ్యం గారికి రెండో బహుమతి ఇస్తే, అతిథిగా వచ్చిన ఎస్. జానకి గారు మొదటిది అతనికే రావాలన్నారట. ఆ కుర్రాడే తర్వాత తెలుగులో కమల్ హాసన్ గొంతయ్యాడు. ‘దశావతారం’ పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు. ఆయన పోయాక, 2023లో ‘కీడా కోలా’లో ఆ గొంతుని ఏఐతో పుట్టించి వాడారు. అనుమతి తీసుకోలేదంటూ కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపారు. ‘లాల్ సలామ్’లో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని వాడిన రెహమాన్, కుటుంబాల్ని అడిగి, డబ్బులిచ్చి వాడానన్నారు. 2024లో అర్జీత్ సింగ్ గొంతుకి బాంబే హైకోర్టు రక్షణ ఇచ్చింది.

ఈ మూడు చోట్లా రక్షణ ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ గొంతు ఎవరిదో లోకానికి తెలుసు కాబట్టి వచ్చింది. మరి పదేళ్లుగా ఒక కార్టూన్‌కి చెప్తున్న అమ్మాయి గొంతుని రేపు ఒక కంపెనీ మెషీన్‌కి నేర్పిస్తే? ‘ఇది నీదేనని రుజువేంటి’ అని అడుగుతారు.

మా వైపు చుక్కల భూములు ఉంటాయి. బ్రిటిష్ కాలపు రిజిస్టర్లో యజమాని పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన పొలాలు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నా, ఆ చుక్కల వల్ల అమ్ముకోలేరు. దానికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. డబ్బింగ్ కళాకారులది ఇప్పుడు అదే స్థితి. దున్నేది వాళ్లు, రిజిస్టర్లో చుక్కలు.

కాబట్టి అడగాల్సినవి మూడు. సినిమా పేజీలో తెలుగు గొంతుల పేర్లు. ఏఐకి నేర్పాలంటే విడిగా రాతపూర్వక అనుమతి, విడిగా డబ్బు. మూడోది మనలాంటి వాళ్ల పని. అనువాదకుడి పేరు లేకుండా ఒక కథ అచ్చయితే మనం ఊరుకోం, పోట్లాడతాం. యానిమేషన్ సినిమా మీద సమీక్ష రాసేటప్పుడు కూడా ఆ పట్టుదల చూపించాలి. గొంతు ఎవరిదో కనుక్కుని, ఎలా చెప్పారో ఒక పేరా రాయాలి. చుక్కల మీద పేరు రాయడం అక్కడే మొదలవుతుంది.