వడ్రంగానికి వారం రోజుల శిక్షణ చాలునా?

నెల్లికుదురు: 2016లో వరంగల్ జిల్లా నుంచి విడిపోయి ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో నెల్లికుదురు వ్యవసాయ మండలం. ఇటువంటి పల్లెల్లో వడ్రంగి ఒకనాడు రైతుకు కుడిభుజం. నాగలి, గొర్రు, గుంటక, ఎడ్లబండి అతని కొట్టం నుంచే వచ్చేవి. ప్రతిఫలం కల్లంలో ధాన్యంగా ముట్టేది. ట్రాక్టర్లు వచ్చాక ఆ పని తగ్గి, తలుపులు, కిటికీలు, మంచాలు, బీరువాలే ఆధారమయ్యాయి. ఇప్పుడు వాటికీ పోటీ వచ్చింది. చెక్కపొడిని జిగురుతో అదిమిన పలకల సామాను చౌకగా దొరుకుతున్నది. నీరు తగిలితే అది ఉబ్బిపోయే మాట నిజమే అయినా, చౌక సరుకు కొనే గృహస్థును తప్పుపట్టలేము.

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, 5 శాతం వడ్డీపై రెండు విడతలుగా 3 లక్షల రూపాయల వరకు హామీ అక్కరలేని అప్పు లభిస్తాయి. ఇది హర్షించదగినదే.

అయితే చిక్కు వేరే చోట ఉన్నది. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, పై శిక్షణ 15 రోజులు. పని తెలిసినవానికి కొత్త యంత్రం నేర్పడానికి ఈ గడువు సరిపోవచ్చు. కాని ఉలికి సాన పట్టడం, వాటం చూసి కొయ్య కోయడం, మేకు లేకుండా కర్రలో కర్ర బిగించడం ఏళ్ల తరబడి మేస్త్రి పక్కన కూర్చుంటేనే అబ్బుతాయి. పైగా కుటుంబంలో ఒక్కరికే ఈ పథకం వర్తిస్తుంది. తండ్రి పేరు నమోదైతే అతని వద్ద పని నేర్చుకునే పెళ్లికాని కొడుకుకు అవకాశం లేనట్లే. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకే ఇంట ఉండే వృత్తికి ఈ నిబంధన గొడ్డలిపెట్టు.

కలప సంగతి మరొకటి. పట్టా భూమిలోని టేకు చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తప్పనిసరి. అడవుల రక్షణకు ఇది అవసరమే. కాని చిన్న కొట్టాలకు కలప చిన్న మొత్తాలలో, సరసమైన ధరకు అందే దారి కూడా ఉండాలి.

కుటుంబానికి ఒక్కరే అన్న నిబంధన సడలించి, పని నేర్పే మేస్త్రికి ఏడాదిపాటు భత్యం ఇచ్చి, పాఠశాలలు, వసతి గృహాల బల్లలలో కొంత భాగమైనా స్థానిక వడ్రంగుల చేత చేయిస్తే ఈ విద్య నిలుస్తుంది. అప్పుతో రంపం కొనవచ్చును గాని చేతివాటం కొనలేము. అధికారులు ఈ విషయమై వెంటనే దృష్టి సారించవలసి ఉన్నది.