పాత పాటకు కొత్త చరణం కావాలి

పండుగ దగ్గర పడితే చాలు, "అసలైన బతుకమ్మ పాటలు" ఎక్కడ దొరుకుతాయని అందరం వెతుకుతాం. యూట్యూబ్‌లో ఉన్నవి పెట్టుకుంటాం, స్పీకర్ చప్పుడుకు చప్పట్లు కలుపుతాం, ఇంటికి వస్తాం. నా మటుకు నాకు ఒకటి గట్టిగా అనిపిస్తోంది. పాత పాట దొరకకపోవడం మన కష్టం కాదు. మనం కొత్త చరణం కట్టకపోవడమే కష్టం.

బి.ఏ. తెలుగులో మాకు బిరుదురాజు రామరాజు గారి గురించి చెప్పేవారు. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధన చేసి 1956లో డాక్టరేట్ తీసుకున్నారాయన. అలాంటి పెద్దలు పూనుకుని పోగు చెయ్యకపోతే ఎన్నో పాటలు మనదాకా వచ్చేవి కావు. అయితే పోగు చేసేవాళ్లు ఉండాలంటే ముందు కట్టేవాళ్లు ఉండాలి కదా. ఆ కట్టినవాళ్లు ఎవరు? నాట్లు వేసినవాళ్లు, ఇసుర్రాయి తిప్పినవాళ్లు, పిల్లను ఊయలలో వేసి ఊపినవాళ్లు. మనలాంటి ఆడవాళ్లే.

మా అత్తమ్మ పుట్టిల్లు బోధన్ దగ్గర. ఆమెకు సంతకం రాదు, వేలిముద్రే. కానీ ఆమె పాటలో మా జిల్లా చరిత్ర అంతా ఉంటుంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరుకు పెరిగింది. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో శక్కర్‌నగర్ వెలిసింది. ఇవి నేను పుస్తకంలో చదువుకున్న సంగతులు. అత్తమ్మ పాటలో ఇవే వేరే తీరుగా ఉంటాయి. చెరుకు బండ్లు వరుస కట్టడం, బాపు రెండు రాత్రులు బండి కిందే పడుకోవడం, తెల్లారగట్ల ఫ్యాక్టరీ కూత వినపడగానే అమ్మ లేచి పొయ్యి ముట్టించడం. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె అదే పాటకు ఇంకో చరణం కలిపింది. కూత వినపడక ఆ ఊరి ఆడవాళ్లకు పొద్దు తెలియడం లేదని దాని భావం. ఎవరూ కట్టమనలేదు. కడుపులో ఉన్నది పాటలోకి వచ్చింది.

అలాంటి చరణాలకు ఇప్పుడు చోటు దొరకడం లేదు. ఒక బతుకమ్మ కార్యక్రమంలో మా గల్లీలో బీడీలు చేసే అక్క ఒకామె పాట ఎత్తుకుంది. చాట ఒళ్లో పెట్టుకుని తెల్లందాకా ఆకు కత్తిరించినా వెయ్యి లెక్క తేలకపోవడం, కార్ఖానాలో కొన్ని కట్టలు పక్కన పడెయ్యడం, దుబాయిలో ఉన్న పెనిమిటికి ఫోన్‌లో "బాగనే ఉన్నం" అని చెప్పడం. రెండు చరణాలు కాకముందే ఒకాయన మైకు తీసుకున్నాడు. "పండుగ పూట ఈ బాధలెందుకమ్మా, మంచి పాట పాడుండ్రి" అన్నాడు. వెనక డీజే మొదలైంది. ఆ అక్క ఏమీ అనలేదు. చెంగు సర్దుకుని వరుసలో కలిసింది. ఆ తర్వాత ఆమె పాట ఎత్తుకోగా నేను వినలేదు.

బాధ తీసేస్తే బతుకమ్మ పాటలో ఏం మిగులుతుంది? పుట్టింటికి పోలేని ఆడపిల్ల, చెల్లెను తోలుకపోవడానికి వచ్చిన అన్న, అత్తింటి ఆరళ్లు, ఇవన్నీ మన పాటల్లో మొదటినుంచీ ఉన్నవే. తెలంగాణ ఉద్యమం నాడు ఆ బాణీలోనే రాష్ట్రం కావాలని రోడ్ల మీద పాడాం. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. పాట ఇంత దూరం వచ్చింది ఏ కాలం సంగతి ఆ కాలంలో కలుపుకున్నందుకే. ఇప్పుడు మన కాలం దగ్గర ఆపేస్తామంటే ఎట్లా?

మా ఆడబిడ్డ మెల్‌బోర్న్‌లో ఉంటుంది. అక్కడ ఇరవై మంది మనవాళ్లు పార్కులో బతుకమ్మ ఆడుతారు. "వదినా, ఇక్కడ తంగేడు దొరకది. షాపుల చామంతులు కొని పేరుస్తున్నం. పార్కుల పూలు తెంపొద్దంటరు" అంది ఒకసారి. చుట్టూ ఏ పూలున్నాయే అని అడిగితే వాటిల్ పూల ఫొటో పంపింది. చూస్తే మన తుమ్మ పువ్వే! గుండ్రంగా, పసుపుపచ్చగా, కొమ్మ నిండా. తుమ్మ జాతి చెట్టేనట అది. మనకు తంగేడు రాష్ట్ర పుష్పం అయినట్టే, వాళ్లు గోల్డెన్ వాటిల్‌ను 1988లో జాతీయ పుష్పం చేసుకున్నారు. వాళ్ల క్రికెట్ జట్టు వేసుకునే పసుపు, ఆకుపచ్చ ఆ చెట్టు రంగులే. మనకు చెరువులు నిండి ఉండే బతుకమ్మ రోజులు వాళ్లకు వసంతం. "పూలు తెంపకు, పాటలో పెట్టు" అన్నాను. "నేనెవరిని వదినా పాట కట్టనీకి" అని నవ్వింది.

ఎవరు కట్టాలి మరి? ఆస్ట్రేలియా వాళ్లు తమ పాటగా చెప్పుకునే 'వాల్ట్‌జింగ్ మటిల్డా' కథ చూడండి. 1895లో క్వీన్స్‌లాండ్‌లోని ఒక పెద్ద గొర్రెల క్షేత్రంలో బ్యాంజో ప్యాటర్సన్ అనే కవి దానికి మాటలు రాశాడు. బాణీ వినిపించింది ఆ ఇంటి ఆడపడుచు క్రిస్టినా మెక్‌ఫర్సన్. గుర్రప్పందేల దగ్గర బ్యాండువాళ్లు వాయిస్తే విని గుర్తుపెట్టుకుంది. ఆ బాణీది స్కాట్లాండ్. మాటలు మాత్రం పూర్తిగా ఆ నేలవి. అక్కడి మడుగు, అక్కడి చెట్టు, మూట భుజాన వేసుకుని పని కోసం తిరిగే కూలి మనిషి, అతను పట్టుకున్న గొర్రె, వెంటపడిన పోలీసులు. ఆ ముందు ఏడే, గొర్రెల బొచ్చు కత్తిరించే కూలీల సమ్మెలో అదే క్షేత్రంలోని షెడ్డు తగలబడింది. సముద్రం దాటి వచ్చిన రాగంలోకి కొత్త నేల, దాని గొడవ వచ్చి చేరాయి. ఆ నేల మీద వేల ఏండ్లుగా ఉన్న ఆదివాసులైతే దారినే పాటగా కట్టుకున్నారు. ఏ గుట్ట దాటితే ఏ నీళ్లు దొరుకుతాయో పాట వరుసలో గుర్తుంచుకుని నడిచేవారు.

మా ఆడబిడ్డకూ బాణీ ఉంది, నేల ఉంది. చెప్పుకోవాల్సిన సంగతీ ఉంది. కరోనాలో ఆస్ట్రేలియా సరిహద్దులు మూసినప్పుడే మా మామయ్య పోయారు. ఆమె తండ్రి చివరి చూపు ఫోన్‌లో చూసుకుంది. అప్పుడు ఇటు నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. పుట్టింటికి పోలేని ఆడపిల్ల పాట ఎవరిదో పాతకాలం కథ అంటారా? ఆమె చరణం ఆమే కట్టకపోతే, రేపు ఆమె బిడ్డకు బతుకమ్మ అంటే అమ్మ ఫోన్‌లో మోగే ఏదో పాట, అంతే.

"సంప్రదాయం చెడిపోతుంది" అనేవాళ్లు ఉన్నారు. గౌరమ్మ పాటలు ముందు పాడుకుందాం, పాతవి ఒక్క మాట మార్చకుండా పాడుకుందాం. ఆ తర్వాత మనదొక చరణం పాడితే గౌరమ్మ కోపం చేయదు. "మాకు కట్టడం రాదు" అనేవాళ్లకు నేను చెప్పేది ఏమిటంటే, ఆ పాట నడకే మనకు సాయం చేస్తుంది. ఒకరు చిన్న ముక్క చెబుతారు, చివర 'ఉయ్యాలో' అంటారు, అందరూ దాన్నే తిరిగి అంటారు. వాళ్లు అనేలోపు మనకు తర్వాతి ముక్క తోస్తుంది. ప్రాస కుదరకపోయినా చప్పట్లు కుదిరితే చాలు.

మా ఇందల్వాయిలో చెప్పడానికి ఎన్ని లేవు! రాత్రంతా లారీలు పోయే 44వ నంబరు రహదారి, టోల్‌గేటు, రైలు స్టేషన్, 2016లో మండలం అయిన ఊరు, పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఇంటింటికీ అంటుకునే వాసన. వీటిమీద ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేస్తున్న మన పిల్లలకు, వీటినే పాటలో పెట్టొచ్చని మనం చెప్పాలి.

ఈ ఏడు మీ గల్లీలో ఒక పని చేయండి. స్పీకర్ ఒక అరగంట ఆపండి. వయసులో పెద్దామెతో మొదలుపెట్టించి, తలా ఒక చరణం చెప్పుకోండి. అందులో మూడు ఉండాలి: మీ ఊరిలో ఒక చోటు, మీ చేతులు చేసే ఒక పని, నిజంగా జరిగిన ఒక సంగతి. చదువుకునే ఆడపిల్లలతో రాయించండి, ఎవరు చెప్పారో పేరు కూడా పక్కన రాయించండి. బీడీలు చేసే అక్క పాట ఎత్తుకుంటే మైకు ఆమె చేతిలోనే ఉండనివ్వండి.