పక్క మంచానికి ఎవరూ లేరు

విజయనగరం జిల్లాలో ఒక ఆసుపత్రి. పేరు చెప్పను. చెబితే మీరు ఆ ఒక్కదాన్నీ తిట్టుకుని ఊరుకుంటారు.

నాన్నకి పేగు ఆపరేషన్ అయిన రెండో రాత్రి. నిద్రపట్టక లెక్కపెట్టాను: వార్డులో ముప్పై ఆరుగురు రోగులు, ఒక్క సిస్టర్. రెండున్నరకి నాన్న సెలైన్ అయిపోతోందని పరిగెత్తాను. "వొస్తన్నాను బాబూ. ఆ మూల మంచం ఆయనకి రక్తం ఎక్కుతంది. ఇద్దర్లో ఎవుల్ని ఒగ్గీమంతావు సెప్పు?" అంది. కసురుకోలేదు. నిజంగానే అడిగింది.

పక్క మంచం మీద ఒక ముసలాయన. తోడు ఎవరూ లేరు. "కొడుకూ కోడలూ సెన్నై ఎల్లిపోనారు బాబూ, బిల్డింగు పనికి. నాకేటి బెంగ, సిస్టరమ్మ ఉంది కదా" అన్నాడు సాయంత్రం. తెల్లారి టెంపరేచర్ చూడ్డానికి ఆమె ఆయన దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

ఆమె డ్యూటీ దిగేలోపే ఊళ్ళోంచి చుట్టాలొచ్చారు. "నిద్దరపోనావా?" అని మీదికెళ్ళారు. ఆమె రాత్రంతా కుర్చీలో కూర్చోలేదని నాకు తెలుసు. పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఈ వ్యాసం ఆ బాకీ.

ఎవరైనా చూసుంటే ఆయన బతికేవాడా? చెప్పలేను. కానీ ఒంట్లో పరిస్థితి చెప్పాపెట్టకుండా తిరగబడడం అరుదు. చాలాసార్లు కొన్ని గంటల ముందే ఊపిరి వేగం పెరుగుతుంది, బీపీ దిగుతుంది, మూత్రం తగ్గుతుంది, మనిషి తికమకగా మాట్లాడతాడు. వీటిని పట్టుకునేది పొద్దున్న రౌండ్స్‌కొచ్చే డాక్టరు కాదు. మళ్ళీ మళ్ళీ మంచం దగ్గరికొచ్చే నర్సు. ముప్పై ఆరు మంచాల మధ్య ఆ "మళ్ళీ మళ్ళీ" ఎక్కణ్ణించి వస్తుంది?

ఇది నా బాధ మాత్రమే కాదు, లెక్క. 2002లో లిండా ఐకెన్ బృందం అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఆపరేషన్ అయిన రోగుల్లో, ఒక నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగితే ముప్పై రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణమే చూడండి: బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం. ఈ ఐదుకి ఒకటిని మొత్తం పోస్టుల లెక్కగా తీసుకుని మూడు షిఫ్టులకీ పంచినా, రాత్రి ఒకరికి పదిహేనుగురు. నేను చూసింది ముప్పై ఆరు.

మరి ఇంత తేడాతో ఆసుపత్రులు ఎలా నడుస్తున్నాయి? అటెండెంట్ వల్ల. సెలైన్ చూసేది, ఒళ్ళు తుడిచేది, బెడ్‌పాన్ పెట్టేది, స్ట్రెచర్ తోసేది, "సిస్టర్" అని అరిచేది మన అమ్మలూ అక్కలూ తమ్ముళ్ళూ. జీతం లేని, చదువు లేని నర్సులు. దీన్ని మనం కుటుంబ ప్రేమ అంటాం. నేనైతే ఖాళీ పోస్టుల మీద కప్పిన దుప్పటి అంటాను.

శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆ దుప్పటి ఎప్పుడో చిరిగిపోయింది. వలసల జిల్లాలు ఇవి. ఊళ్ళో మిగిలింది ముసలివాళ్ళు. కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో కట్టే బిల్డింగు మీద ఉంటాడు. ఇది చదువుతున్న మీలో కొందరు బెంగళూరులో ఉండుంటారు. మీ నాన్న పక్కన రాత్రి ఎవరుంటారు?

2023 సెప్టెంబర్‌లో విజయనగరానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. డిసెంబర్‌లో ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి మొదలైంది. ఎన్నేళ్ళుగానో అడిగినవి, రావాల్సినవే. కానీ గమనించండి, ప్రారంభోత్సవాల్లో పడకల సంఖ్య చెప్తారు. రాత్రి షిఫ్టులో ఎంతమంది నర్సులో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. డయాలసిస్ నాలుగు గంటల్లో బీపీ ఎప్పుడైనా పడిపోవచ్చు. మిషన్ అలారం మోగిస్తుంది. రావాల్సింది మాత్రం మనిషే.

డబ్బు లేదంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016లో చట్టం చేసి, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో పగలు నలుగురికి, రాత్రి ఏడుగురికి ఒక నర్సు ఉండాలంది. చట్టం వర్తించని ఆసుపత్రులతో పోల్చి 2021లో లాన్సెట్‌లో లెక్కలు వేశారు. మరణాలు తగ్గాయి. రోగులు త్వరగా ఇంటికెళ్ళడం, మళ్ళీ చేరాల్సిన అవసరం తగ్గడం వల్ల మిగిలిన డబ్బు, అదనపు నర్సుల ఖర్చుకి రెట్టింపు దాటింది.

నర్సులు దొరకరంటారు. సుప్రీంకోర్టు 2016 తీర్పు తర్వాత కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకి 20,000 తగ్గకూడదని సిఫార్సు చేసింది. మీకు తెలిసిన నర్సింగ్ హోమ్‌లో పనిచేసే అమ్మాయిని ఎంతిస్తున్నారో అడగండి. ఆమె విశాఖకో గల్ఫ్‌కో ఎందుకు వెళ్ళాలనుకుంటుందో ఆమే చెప్తుంది.

మనం మాత్రం దండలు వేస్తాం. 2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. మన రాతల్లో నర్సు అయితే దేవత, లేకపోతే కసురుకునే రాక్షసి. దేవతకి డ్యూటీ గంటలుండవు, రాక్షసి మీద జాలి ఉండదు. రెంటిలోనూ ఉద్యోగి కనపడదు. ఎవరైనా పోతే పేపర్లో "సిబ్బంది నిర్లక్ష్యం" అని హెడ్డింగ్, ఒక సిస్టర్ సస్పెన్షన్. ఆ రాత్రి ముప్పై ఆరుగురికి ఒక్కరినే డ్యూటీ వేసిన చార్టు మీద సంతకం ఎవరిదో ఎవరూ రాయరు.

నిర్లక్ష్యం చేసే నర్సులు అసలు లేరనను. ఉంటారు. కానీ ఒకరి తప్పు ఏదో, తక్కువమందిని పెట్టినవాడి తప్పు ఏదో విడదీయాలంటే ముందు ఆ సంఖ్య బయట పడాలి. అందుకే అడుగుతున్నది చిన్నది. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ప్రతి వార్డు గుమ్మం దగ్గర ఒక బోర్డు. ప్రతి షిఫ్టుకీ రెండే అంకెలు: రోగులు ఇంతమంది, నర్సులు ఇంతమంది. ఆ రెండో అంకె ప్రమాణం కంటే తగ్గితే జవాబు చెప్పాల్సింది సూపరింటెండెంటూ, యాజమాన్యమూ, పోస్టులు నింపని ప్రభుత్వమూ అని చట్టం.

అప్పటిదాకా బోర్డు లేని చోట మనమే లెక్కపెడదాం. మన మంచం ఒక్కటే కాదు, పక్క మంచం కూడా.