ప్రజల సొత్తు, పాలకుల ధర్మము
సోవియట్ వ్యవస్థ కూలిన పిమ్మట, 1992లో పౌరులకెల్ల పదివేల రూబుళ్ల ముఖవిలువ గల వోచర్లను పంచి, వారిని పరిశ్రమలకు భాగస్వాములను జేయ సంకల్పించిన రష్యా ప్రభుత్వమే, 1995లో ఖజానా వట్టిపోగా, చమురు, నికెల్ సంస్థల వాటాలను బ్యాంకులకు కుదువబెట్టి ఋణము దెచ్చుకొనెను. నోరిల్స్క్ నికెల్‌లోని 38 శాతము వాటాను, ఈ కుదువ వాటాలకై జరిగిన వేలమును నడపిన బ్యాంకు వర్గమే, 17 కోట్ల డాలర్ల ప్రారంభ ధరపై లక్ష డాలర్లు మాత్రమే హెచ్చించి, చేజిక్కించుకొనెను. ఇట్లు ఐశ్వర్యవంతులైన కొలదిమంది 1996 ఎన్నికలలో అధ్యక్షుడు యెల్త్సిన్‌కు అండగా నిలిచిరి. పిదప వారిలో నొకరు ఉపప్రధాని పదవినే అధిష్ఠించిరి. ప్రైవేటు యాజమాన్యము స్వతః దోషము కాదు. కాని నిజమైన పోటీయు, నిష్పాక్షికమైన న్యాయస్థానమును, లెక్కలడుగగల శాసనసభయు లేనిచోట ప్రజల ఆస్తిని విక్రయించుట, పాలనాధికారమునే విక్రయించుట యగును.